వెనక్కి రప్పించిన ప్రింట్లు

2022 జనవరి 1న అమెరికాలో ఒక సినిమాకు కాపీరైటు గడువు తీరిపోయింది. 1926లో పారామౌంట్ విడుదల చేసిన ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ మూకీని ఆ రోజు నుంచి ఎవరైనా వేసుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు. కానీ వేసుకోవడానికి ఆ సినిమాయే లేదు. 95 ఏళ్లపాటు చట్టం దాని హక్కుకు కాపలా కాసింది. సినిమాకు కాపలా కాసినవారు లేరు.

కథ మాత్రం నిక్షేపంలా ఉంది. ఎఫ్. స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్ రాసిన ఆ నవల ఇప్పటిదాకా రెండున్నర కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. అమెరికా బడుల్లో పిల్లలు దాన్ని పాఠంగా చదువుకుంటారు. హాలీవుడ్ ఆ నవలను తర్వాత మరో మూడుసార్లు పెద్దతెరకు ఎక్కించింది. 1949లో అలన్ లాడ్, 1974లో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్, 2013లో లియోనార్డో డికాప్రియో గాట్స్‌బీ వేషం కట్టారు. 2013 చిత్రంలో మేయర్ వుల్ఫ్‌షీమ్ అనే జూదరి పాత్ర అమితాబ్ బచ్చన్ వేశారు కాబట్టి మన దగ్గర చాలామందికి గాట్స్‌బీ పేరు అలా తెలిసింది. ఈ మూడింటినీ ఇవాళ కూర్చుని చూడొచ్చు. రచయిత బతికుండగా, పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే, కథలో చెప్పిన ఆ కాలంలోనే, ఆ కాలపు బట్టలతో, కార్లతో తీసిన మొట్టమొదటి సినిమాను మాత్రం చూడలేం.

ఒకే కథకు రెండు రూపాలు. ఒకటి కోట్లలో మిగిలింది, రెండోది సున్నా అయింది. ఇదంతా కాలమహిమ, ఫిల్ము పాడైపోయింది, ఏం చేస్తాం అని సరిపెట్టుకోవడం తేలిక. అంకెలు దగ్గర పెట్టుకుని చూస్తే అలా సరిపెట్టుకోబుద్ధి కాదు. పుస్తకం ప్రతులు లోకమంతా చెల్లాచెదురయ్యాయి కాబట్టి బతికింది. సినిమా ప్రతులను పోగుచేసి వెనక్కి రప్పించారు కాబట్టి పోయింది.

590 రోజులు

నవలను న్యూయార్క్‌లోని స్క్రిబ్నర్స్ సంస్థ 1925 ఏప్రిల్ 10న విడుదల చేసింది. వెల రెండు డాలర్లు. తొలి ముద్రణ 20,870 ప్రతులు. లాంగ్ ఐలండ్‌లో ఒక పెద్ద భవనం, అందులో ప్రతి వారాంతం వందలమందికి విందులిచ్చే జే గాట్స్‌బీ అనే కొత్త ధనవంతుడు, ఒకప్పుడు తాను ప్రేమించి పోగొట్టుకున్న డెయిజీని తిరిగి దక్కించుకోవాలన్న అతని తపన, చివరికి ఆ తపనే అతన్ని బలి తీసుకోవడం. ఇదీ కథ.

పది నెలలు తిరక్కుండానే అది రంగస్థలమెక్కింది. ఓవెన్ డేవిస్ నాటకంగా మలిచాడు, జార్జ్ క్యూకర్ దర్శకత్వం వహించాడు. 1926 ఫిబ్రవరి 2న బ్రాడ్‌వేలో మొదలై 112 ప్రదర్శనలు ఆడింది. నాటకం ఆడుతోందనగానే సినిమావాళ్లు వచ్చారు. పారామౌంట్ మాతృసంస్థ ఫేమస్ ప్లేయర్స్-లాస్కీ 45,000 డాలర్లకు చిత్రహక్కులు కొంది.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడండి. తొలి ముద్రణలోని 20,870 పుస్తకాలూ నిండు వెలకు అమ్ముడుపోయినా వచ్చేది 41,740 డాలర్లు. సినిమా హక్కుకు ఇచ్చిన సొమ్ము అంతకంటే ఎక్కువ. అంటే 1926లో ఆ కథకు మార్కెట్లో అసలు విలువ పుస్తకంగా కాదు, సినిమాగానే. పుస్తకం రెండో ముద్రణ 3,000 ప్రతులే వేశారు. అవీ పూర్తిగా అమ్ముడుపోక గోదాములో పడి ఉన్నాయి.

దర్శకుడు హెర్బర్ట్ బ్రెనన్ అప్పటికే పేరున్నవాడు. ‘పీటర్ పాన్’ తీసి రెండేళ్లయింది, ‘బో జెస్ట్’ కూడా అదే 1926లో వచ్చింది. ఆ రెండూ మిగిలాయి. గాట్స్‌బీగా వార్నర్ బాక్స్‌టర్, డెయిజీగా లోయిస్ విల్సన్, కథ చెప్పే నిక్‌గా నీల్ హామిల్టన్ నటించారు. అంతకుముందు ఏడాదే చాప్లిన్ ‘గోల్డ్ రష్’లో నాయికగా వేసిన జార్జియా హేల్ ఇందులో మర్టిల్. ఆమె భర్తగా విలియం పావెల్. బాక్స్‌టర్‌కు కొన్నాళ్ల తర్వాత ఆస్కార్ వచ్చింది, పావెల్ టాకీల్లో పెద్ద తార అయ్యాడు. ఇలాంటి నటవర్గం మొత్తం ఒకచోట చేరిన సినిమా అది.

1926 నవంబర్ 21న విడుదలైంది. నవల అంగళ్లలోకి వచ్చి అప్పటికి 590 రోజులు.

రెండుంపావు కిలోమీటర్ల ఫిల్ము

సినిమా ఎనిమిది రీళ్లు, సుమారు 7,300 అడుగులు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 బొమ్మలు పడతాయి. అంటే అందులో దాదాపు 1,17,000 బొమ్మలు. నిమిషానికి 90 అడుగుల చొప్పున తిప్పితే 80 నిమిషాల ఆట. ఫిల్మును నేలమీద పరిస్తే ఒక్క ప్రింటే రెండుంపావు కిలోమీటర్ల పొడవు వస్తుంది. చుట్టి డబ్బాల్లో పెడితే ఎనిమిది డబ్బాలు. ఒక మనిషి రెండు దఫాల్లో మోసుకుపోగల బరువు. అంత చిన్న సరుకును దాచుకోలేకపోయాం.

మిగిలింది ఏమిటంటే, రాబోయే సినిమా గురించి థియేటర్లలో వేసే ట్రైలరు. ఒక్క నిమిషం నిడివి. అది ఒక అమెరికా ఆర్కైవులో బయటపడితే, అలాంటివే మరికొన్ని పోయిన సినిమాల ట్రైలర్లతో కలిపి భద్రపరిచి, 2004లో డీవీడీగా తెచ్చారు. 80 నిమిషాల్లో ఒక నిమిషమంటే వందకు ఒకటింబావు. ఆ నిమిషంలోనూ సగం చోటు అక్షరాల కార్డులు తినేస్తాయి. బాక్స్‌టర్ ముఖం ఇలా కనిపించి అలా పోతుంది. విందులో జనం సందడి ఒక మెరుపు మెరిసి ఆగిపోతుంది. ట్రైలరు పని ఊరించడమే కదా, అది ఆ పని ఇప్పటికీ చేస్తోంది.

తక్కినదంతా నాటి పత్రికా సమీక్షల్లో వెతుక్కోవాలి. న్యూయార్క్ టైమ్స్ సమీక్షకుడు మోర్డాంట్ హాల్ ఒక సన్నివేశాన్ని కాస్త వివరంగానే రాశాడు. విందులో గాట్స్‌బీ ఇరవై డాలర్ల బంగారు నాణేలను ఈతకొలనులోకి విసురుతాడు. అమ్మాయిలు ఆ నాణేల కోసం నీళ్లలోకి దూకుతారు. నవలలో ఈ సన్నివేశం లేదు. సినిమావాళ్లు కల్పించింది.  నాకు దాన్ని చూడాలని ఉంటుంది. గాట్స్‌బీ డబ్బు గురించి ఫిట్జ్‌జెరాల్డ్ పేజీలకు పేజీలు సూచనగా చెప్పుకొచ్చినదాన్ని బ్రెనన్ ఒక్క చేతి విసురుతో చూపించబోయాడు. ఆ విసురు కుదిరిందా, మోటుగా ఉందా అని తేల్చుకునే అవకాశం ఇప్పుడు ఎవరికీ లేదు.

రచయితకూ సినిమా నచ్చలేదు. 1927 మొదట్లో హాలీవుడ్‌లో ఉన్నప్పుడు ఫిట్జ్‌జెరాల్డ్ దంపతులు దాన్ని చూడటానికి వెళ్లి మధ్యలో లేచి వచ్చేశారు. భార్య జెల్డా కూతురికి రాసిన ఉత్తరంలో చాలా ఘాటుగా ఈ సంగతి చెప్పింది. ఈ ఉత్తరం చూపించి, పోతే పోయిందిలే, ఎలాగూ బాగాలేదట అనేవాళ్లున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఎందుకంటే 1925లో నవల గురించి కూడా చాలామంది సమీక్షకులు పెదవి విరిచారు. ఆ తీర్పును తర్వాతి తరం తిరగరాసిందంటే, చదవడానికి వాళ్లకు పుస్తకం మిగిలి ఉంది కాబట్టే.

10,919 సినిమాలు

గాట్స్‌బీది ఒంటరి కథ కాదు. డేవిడ్ పియర్స్ అనే చరిత్రకారుడు అమెరికా జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున పెద్ద లెక్కే తీసి 2013లో ప్రచురించాడు. 1912 నుంచి 1929 వరకు అమెరికాలో విడుదలైన పూర్తి నిడివి మూకీలు 10,919. వాటిలో విడుదలైన నాటి 35 మిల్లీమీటర్ల రూపంలో పూర్తిగా ఉన్నవి 1,575. అంటే వందకు 14. మరో 1,174 పూర్తిగానే ఉన్నా, పరాయి దేశాలకు పంపిన కూర్పులుగానో చిన్న సైజు ఫిల్ముకు ఎక్కించిన నకళ్లుగానో ఉన్నాయి. ఇంకో 562 ముక్కలు చెక్కలుగా మిగిలాయి. అన్నీ కలిపితే 3,311. తక్కిన 7,600 పైచిలుకు సినిమాలు, వందకు 70, లేనే లేవు.

ఇదే లెక్కలో కంపెనీలవారీ అంకెలు చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఎం.జి.ఎం. మూకీల్లో సుమారు 68 శాతం మిగిలాయి. పారామౌంట్ 1,222 మూకీల్లో మిగిలినవి 29 శాతమే. రెండు కంపెనీలదీ ఒకటే రకం ఫిల్ము. రెండూ అదే దేశంలో, అదే వాతావరణంలో సినిమాలు తీశాయి. పాడవడం ఫిల్ము స్వభావమే అయితే ఇంత తేడా ఎందుకు రావాలి? ఎం.జి.ఎం. తన పాత సినిమాలను దాచడానికి, కొత్త ఫిల్ముకు ఎక్కించడానికి డబ్బు ఖర్చుపెట్టింది. పారామౌంట్ అంతగా పట్టించుకోలేదు. గాట్స్‌బీ పారామౌంట్‌వారి సినిమా. దాని జాతకం అక్కడే ఖాయమైంది.

ఫిట్జ్‌జెరాల్డ్ రెండో నవల ‘ది బ్యూటిఫుల్ అండ్ డామ్డ్’ను 1922లో వార్నర్ బ్రదర్స్ మూకీగా తీసింది. అదీ లేదు.

ఐదు సెంట్ల వెండి

ఆ రోజుల్లో ఫిల్మును సెల్యులోజ్ నైట్రేట్‌తో చేసేవారు. అది తుపాకిమందుకు దగ్గరి చుట్టం. తెరమీద దాని వెలుగు నీడలు ఎంత అందంగా ఉంటాయో, దాంతో అంత ప్రమాదం. మండటం మొదలైతే తనకు కావలసిన ఆక్సిజన్‌ను తానే పుట్టించుకుంటుంది. నీళ్లలో ముంచినా ఆరదు. మండకపోయినా లోలోపల కుళ్లుతుంది. మొదట బొమ్మ వెలిసిపోతుంది. తర్వాత చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పైన బుడగలు లేస్తాయి. మొత్తం గట్టి ముద్దలా మారుతుంది. ఆఖరికి డబ్బా మూత తీస్తే గోధుమరంగు పొడి కనిపిస్తుంది. చల్లగా, పొడిగా ఉంచితే ఈ దశలు దశాబ్దాలపాటు వాయిదా పడతాయి. వేడిగా, గాలి ఆడకుండా ఉంచితే తొందరగా వస్తాయి.

ఎంత తొందరగా అన్నది 1937 జులై 9న తెలిసింది. న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ కంపెనీ ఫిల్ములు దాచిన గోదాము ఎండవేడికి తనంతట తానే అంటుకుంది. 40,000 రీళ్లకు పైగా బూడిదయ్యాయి. మంటలు చుట్టుపక్కల ఇళ్లకు పాకి పదమూడేళ్ల కుర్రాడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఫాక్స్ మూకీల్లో అత్యధిక భాగం ఆ ఒక్కరోజున పోయింది. తర్వాత ఏం చేశారో తెలుసా? కాలిన ఫిల్ముల్లోంచి వెండి తీశారు. ఫిల్ముమీద బొమ్మ నిలబడేది వెండితోనే కదా. ఒక్కో డబ్బాకు వచ్చిన వెండి విలువ సుమారు ఐదు సెంట్లు.

ప్రమాదంలో కాలితే సరే, కావాలనే కరిగించినవాళ్ల మాటేమిటి? 1948లో యూనివర్సల్ కంపెనీ తన దగ్గర మిగిలిన మూకీల నెగెటివులను చేజేతులా నాశనం చేయించింది. చోటు కలిసొస్తుంది, వెండి వస్తుంది, అగ్ని భయం తప్పుతుంది. వ్యాపారి కళ్లతో చూస్తే ఆ నిర్ణయంలో తప్పేమీ కనిపించదు. మూకీకి మార్కెట్ ఎప్పుడో పోయింది. గాట్స్‌బీ విడుదలైన 319 రోజులకే, 1927 అక్టోబర్ 6న, ‘ది జాజ్ సింగర్’ వచ్చి తెర మాట్లాడటం మొదలుపెట్టింది. రెండేళ్లు తిరిగేసరికి మూకీ అంటే పాత సరుకు. టీవీ లేదు, వీడియో లేదు. ఆడేసిన సినిమా మళ్లీ డబ్బు తెస్తుందని ఎవరూ ఊహించలేదు.

పైగా ప్రింట్లు థియేటరువారివి కావు, కంపెనీవి. అద్దెకిచ్చినవి. ఆట అయిపోగానే పెట్టెల్లో పెట్టి కంపెనీకి తిప్పి పంపాలి. దొంగ ప్రదర్శనలు జరగకుండా కంపెనీ వాటిని లెక్కపెట్టుకుని మరీ ధ్వంసం చేసేది. ఒకటో రెండో ప్రింట్లు, నెగెటివు మాత్రం గోదాములో ఉంచుకునేది. ఆ కొద్దిపాటికీ తర్వాత పైన చెప్పిన గతి పట్టేది.

పుస్తకానికి రెండు, ఫిల్ముకు ఒక్కటీ లేదు

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇది. ఆ రోజుల్లో అమెరికాలో కాపీరైటు కావాలంటే పుస్తకం రెండు ప్రతులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇవ్వాల్సి ఉండేది. సినిమాకూ ప్రతి సమర్పించాల్సి ఉండేది. కానీ నైట్రేట్ ఫిల్మును దాచే ఏర్పాటు ఆ గ్రంథాలయానికి లేదు. భవనం అంటుకుంటుందన్న భయం. అందుకని ఫిల్మును నమోదు చేసుకుని, కథాసారం లాంటి కాగితాలు ఉంచుకుని, ప్రింటును కంపెనీకే తిప్పి పంపేసేవారు. 1942 దాకా ఇదే పద్ధతి. మూకీల యుగం మొత్తం ఆ నమోదు కిటికీ ముందు నుంచే వెళ్లిపోయింది. జాతీయ గ్రంథాలయం చేతుల్లోకి వచ్చిన వేల సినిమాలను అదే చేతులతో వెనక్కి ఇచ్చేసింది.

దీనికి ముందు కథ ఇంకా విచిత్రం. 1912కు ముందు చట్టంలో సినిమా అనే పద్దు లేదు. ఫొటోగ్రాఫులకే కాపీరైటు. అందుకని నిర్మాతలు సినిమాను బొమ్మ బొమ్మగా పొడవాటి కాగితం చుట్టలమీద అచ్చువేసి, ఇవి ఫొటోలు అని చెప్పి సమర్పించేవారు. కాగితం కాబట్టి గ్రంథాలయం వాటిని అలాగే ఉంచేసింది. దశాబ్దాల తర్వాత ఆ కాగితాలను మళ్లీ ఫిల్ముకు ఎక్కించారు. ఆ రకంగా 3,000కు పైగా తొలినాటి చిత్రాలు దక్కాయి. సినిమాను సినిమాగా చట్టం గుర్తించిన రోజు నుంచే సినిమాలు ఎక్కువగా పోవడం మొదలైంది.

అటు పుస్తకం సంగతి చూడండి. 1940 డిసెంబర్ 21న ఫిట్జ్‌జెరాల్డ్ చనిపోయాడు, 44వ ఏట. ఆయనకు అందిన ఆఖరి రాయల్టీ 13 డాలర్ల 13 సెంట్లు. రెండో ముద్రణ పుస్తకాలు అప్పటికీ గోదాములో ఉన్నాయి. ఆ రోజున చూస్తే నవలా, సినిమా రెండూ సమానంగా మరుగున పడ్డట్టే. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు ఉచితంగా పంచడానికి 1,322 శీర్షికలతో 12 కోట్లకు పైగా జేబు పుస్తకాలు అచ్చువేశారు. వాటిలో గాట్స్‌బీ ప్రతులు 1,55,000. బతికుండగా రచయిత అమ్ముకోగలిగిన దానికి ఎన్నో రెట్లు. ఆ పుస్తకాలు తిరిగి ఇమ్మని ఎవరూ అడగలేదు. సైనికుల సంచుల్లో ఓడలెక్కాయి, చేతులు మారాయి, అట్టలు ఊడేదాకా చదివారు. నవల పునర్జన్మ అక్కడే మొదలైంది.

తిరిగి పంపనివే దక్కాయి

పోయాయనుకున్న మూకీలు అప్పుడప్పుడూ దొరుకుతుంటాయి. అవి ఎక్కడ దొరికాయో గమనిస్తే ఒకటే తీరు కనిపిస్తుంది. హాలీవుడ్‌లో దొరకవు. పంపిణీ దారి ఆఖరి మజిలీల్లో దొరుకుతాయి.

కెనడా ఉత్తరాన యూకాన్‌లోని డాసన్ సిటీ అలాంటి చోటు. ఊరూరా ఆడిన ప్రింట్లు అక్కడికి చేరేసరికి ఏళ్లు పట్టేది. తిప్పి పంపాలంటే రవాణా ఖర్చు ఫిల్ము విలువకు మించిపోతుంది. వద్దు, అక్కడే ఉండనివ్వండి అన్నారు పంపిణీదారులు. డబ్బాలు పేరుకుపోయాక 1929లో వాటిని పాత ఈతకొలను పూడ్చడానికి వాడేశారు. పైన మంచు మైదానం. 1978లో కట్టడం కోసం తవ్వుతుంటే 533 రీళ్లు బయటపడ్డాయి. ఏడాది పొడవునా గడ్డకట్టిన నేలే వాటికి శీతల గిడ్డంగి అయింది. న్యూజిలాండ్‌లోనూ అదే కథ. 2010లో అక్కడి ఆర్కైవులో 75 అమెరికా చిత్రాలు గుర్తించారు. వాటిలో జాన్ ఫోర్డ్ 1927లో తీసిన ‘అప్‌స్ట్రీమ్’ ఒకటి. అప్పటిదాకా పోయిన పద్దులో రాసుకున్న సినిమా అది. తిప్పి పంపాల్సిన ఫిల్ములను అక్కడి ఆపరేటర్లు, సేకరించేవాళ్లు దాచుకోబట్టి దొరికింది.

మన దేశంలో దీనికి అచ్చమైన ఉదాహరణ మలయాళంలో ఉంది, అదీ ఒక క్లాసిక్ నవలే. సి.వి. రామన్ పిళ్లై 1891లో రాసిన ‘మార్తాండ వర్మ’ను ఆర్. సుందర్ రాజ్ నిర్మాతగా, పి.వి. రావు దర్శకుడిగా 1933లో మూకీగా తీశారు. నవల ప్రచురణ హక్కులున్న తిరువనంతపురం కమలాలయ బుక్ డిపో కోర్టుకెక్కింది. సినిమా ఆగిపోయింది. ప్రింటు పుస్తకాల దుకాణంవారి చేతికి వచ్చింది. నిర్మాత దివాలా తీశాడు. కానీ ఆ ప్రింటు 1974లో పుణె ఫిల్మ్ ఆర్కైవుకు చేరేదాకా పుస్తకాలవాళ్ల దగ్గరే భద్రంగా ఉంది. కేరళ తొలి చిత్రం, జె.సి. డేనియల్ తీసిన ‘విగతకుమారన్’ ఇవాళ లేదు. గొడవపడి ఆపేసిన సినిమా మిగిలింది.

మన లెక్క

భారతదేశంలో తీసిన మూకీలు 1,300కు పైగా. వాటిలో పూర్తిగానో ముక్కలుగానో మిగిలినవి 30 లోపే. వందకు రెండు. వందకు 30 మిగిలిన అమెరికావాళ్లు తమది ఘోరమైన నష్టమని లెక్కలు వేసుకుని బాధపడుతుంటే, మనం ఎక్కడున్నామో చూసుకోవాలి.

‘దేవదాసు’ పేరు వినని తెలుగు ఇల్లు ఉండదు. 1953 చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావు దగ్గుతూ నడిచిన నడకే మనకు దేవదాసు. శరత్‌చంద్ర ఛటోపాధ్యాయ ఆ నవల 1917లో ప్రచురించారు. మొదటిసారి తెరకెక్కింది 1928లో, కలకత్తాలో, నరేష్ మిత్ర దర్శకత్వంలో మూకీగా. ఇవాళ అది లేదు. 1935లో పి.సి. బారువా తీసిన బెంగాలీ టాకీ ప్రింట్లు మన దేశంలో మిగల్లేదు. బంగ్లాదేశ్ ఫిల్మ్ ఆర్కైవులో ఒక్క ప్రింటు ఉంది, అదీ చాలామేరకు పాడైంది. ఇక్కడా అదే వరస. సరిహద్దు దాటి వెళ్లిపోయి, వెనక్కి రానిదే నిలిచింది. 1919 నాటి మూకీ ‘బిల్వమంగళ్’ పారిస్ ఆర్కైవులో దొరికి 2016లో మన దేశానికి వచ్చింది. మొత్తం కాదు, 594 మీటర్లు.

తెలుగువారి సంగతి ఇంకా దయనీయం. మద్రాసులో స్టార్ ఆఫ్ ద ఈస్ట్ స్టూడియో పెట్టి రఘుపతి వెంకయ్య, కుమారుడు ప్రకాష్‌తో కలిసి 1921 ప్రాంతంలో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ లేదు. మన ప్రభుత్వం ఏటా వెంకయ్య పేరుమీద అవార్డు ఇచ్చింది, ఆయన సినిమా ఒక్క అడుగు కూడా చూపించలేకపోయింది. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ, హెచ్.ఎం. రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ కూడా లేదు. మన తెర తొలిసారి మాట్లాడిన తెలుగు మనం వినలేం.

పుణెలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ 1964 ఫిబ్రవరిలో మొదలైంది. తొలినాళ్లలో పి.కె. నాయర్ ఊరూరా తిరిగి, గోదాములు గాలించి, కాళ్లావేళ్లా పడి తెచ్చిన ఫిల్ములే ఇవాళ మన మూకీ సంపద. అయినా 2003 జనవరిలో పుణెలోనే నైట్రేట్ ఫిల్ములకు నిప్పంటుకుని ఎన్నో పోయాయి. ఆర్కైవులో పెడితే సరిపోదు, నకళ్లు వేరువేరు చోట్ల ఉండాలి అనడానికి అంతకంటే రుజువు ఏం కావాలి? ఇటీవలి ఏళ్లలో జాతీయ చలనచిత్ర వారసత్వ మిషన్ పేరుతో 597 కోట్ల రూపాయలు కేటాయించి పునరుద్ధరణ మొదలుపెట్టారు. మంచి పని, ఆలస్యంగా జరుగుతున్న మంచి పని. చట్టం మాత్రం ఇంకా 1926 అమెరికాలాగే ఉంది. 1954 చట్టం ప్రకారం మన దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం నిర్ణీత గ్రంథాలయాలకు చేరాలి. సినిమాకు అలాంటి నిబంధన లేదు. విడుదలైన ప్రతి సినిమా ప్రతిని ఆర్కైవుకు ఇచ్చి తీరాలని చట్టం చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. తెలుగు సినిమా పరిశ్రమ పెద్దలు ఢిల్లీలో అడగాల్సినవాటిలో ఇది మొదటిది కావాలి.

చదివేవారితో ఒక మాట. పాత టూరింగ్ టాకీసు నడిపిన కుటుంబాలు, మూసేసిన థియేటర్ల యజమానులు, ఒకప్పుడు పంపిణీ వ్యాపారం చేసినవాళ్లు, చెన్నైలో స్టూడియోల్లో పనిచేసినవారి పిల్లలు, మలేసియా, మారిషస్, దక్షిణాఫ్రికాల్లో స్థిరపడ్డ తెలుగువారు తమ అటకలూ గోదాములూ ఒకసారి వెతకండి. తుప్పుపట్టిన రేకు డబ్బాలు కనిపిస్తే పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. ఫిల్ము అంచున సన్నటి ఇంగ్లిషు అక్షరాలుంటాయి. సేఫ్టీ అని ఉంటే మామూలు జాగ్రత్త చాలు. నైట్రేట్ అని ఉన్నా, ఏమీ లేకపోయినా, జిగురుగా ఉన్నా దీపం, సిగరెట్, ఎండ దాని దరికి రానీయకండి, చుట్ట విప్పకండి, ప్రొజెక్టర్‌లో పెట్టకండి. నీడన, గాలి తగిలేచోట, ఇంటికి దూరంగా ఉంచి, పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవుకు ఉత్తరం రాయండి. ఫిల్ము లేకపోయినా పాటల పుస్తకాలు, కరపత్రాలు, వాల్‌పోస్టర్లు, స్టిల్ ఫొటోలు కూడా వాళ్లు తీసుకుంటారు. సినిమా పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, అది కనిపెట్టే పని వాళ్లది. దయచేసి ఎండాకాలం రాకముందే వెతకండి.